రాజకీయ సహనం: పావగడ సరిహద్దు సీమ నేపథ్యంలో

నిర్వచనం, పరిధి

తనకు గిట్టని అభిప్రాయానికీ, తాను ఓడించాలనుకునే పక్షానికీ కూడా మాట్లాడే, సంఘం పెట్టుకునే, సభ జరుపుకునే, ఓటు అడిగే, గెలిస్తే పాలించే హక్కును ఉండనివ్వడమే రాజకీయ సహనం. పౌరుల మనోవైఖరికీ, ప్రభుత్వాలు, చట్టసభలు, న్యాయస్థానాలు పాటించే పద్ధతికీ కూడా ఈ మాటను వాడతారు. రాజనీతి శాస్త్రం దీనికి మూడు షరతులు చెబుతుంది. ఎదుటి అభిప్రాయం మీద నిజంగా అయిష్టం ఉండాలి. దాన్ని అడ్డుకునే శక్తి ఎంతో కొంత చేతిలో ఉండాలి. ఉన్నా అడ్డుకోకుండా ఆగాలి.

ఈ షరతులు లేకపోతే గందరగోళం తప్పదు. ఏ అభిప్రాయమూ లేనివాడు ఊరుకుంటే అది ఉదాసీనత. ఎదురు చెప్పే ధైర్యం లేక ఊరుకుంటే భయం. అందరిదీ ఒకే మాట అయితే ఏకాభిప్రాయం. పైకి మూడూ సహనంలాగే కనిపిస్తాయి. గొడవల్లేని ఊరల్లా సహనం ఉన్న ఊరని చెప్పడానికి వీల్లేదు, గ్రామ రాజకీయాల విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఇదే (చూ. ఏకగ్రీవం).

మత సహనం, కులాల మధ్య సామాజిక సహనం దీనికి దగ్గర భావనలే గానీ, రాజకీయ సహనం ప్రధానంగా అధికారం కోసం జరిగే పోటీకి సంబంధించినది. అది అభిప్రాయాలను మెచ్చుకోమని అడగదు. వాటితో వాదించడాన్ని, వాటిని ఎన్నికల్లో ఓడించడాన్ని వద్దనదు.

ప్రాంతం: పావగడ తాలూకా

పావగడ కర్ణాటక రాష్ట్రం తుమకూరు జిల్లాలోని తాలూకా. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్, పడమట చిత్రదుర్గ జిల్లా ఉన్నాయి. మైసూరు సంస్థానం నాటి నుంచీ ఈ నేల పాలన కన్నడలో సాగుతోంది. ఇళ్ళలో, సంతల్లో, పొలాల్లో తెలుగు విస్తారంగా వినిపిస్తుంది. సరిహద్దు అవతల, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని మడకశిర, అమరాపురం, గుడిబండ, రొళ్ళ, అగళి మండలాల్లో సరిగ్గా తిరగేసిన స్థితి: ప్రభుత్వం తెలుగులో, చాలా ఇళ్ళు కన్నడలో.

పావగడ శాసనసభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. రాష్ట్ర రాజకీయాల్లో ఈ తాలూకా ప్రస్తావన అరుదే అయినా, రాజకీయ సహనానికి సంబంధించిన నాలుగు ప్రశ్నలు ఇక్కడ నిజంగానే తలెత్తాయి. గ్రామంలో పోటీకి చోటుందా, గెలిచిన సభ్యుడికి అసమ్మతి తెలిపే హక్కుందా, భాషా మైనారిటీకి తన భాషలో రాజకీయం చేసే వీలుందా, ఆయుధం పట్టిన సిద్ధాంతంతో రాజ్యం ఎలా వ్యవహరించాలి అన్నవి ఆ ప్రశ్నలు.

భావన చరిత్ర

పావగడకు ఉత్తరాన, గుత్తికి సమీపంలోని ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలున్నాయి. వాటిలో పన్నెండోది, సందర్భం లేకుండా తన వర్గాన్ని పొగుడుకోవద్దనీ, ఇతరుల వర్గాన్ని తక్కువ చేయవద్దనీ, మాటలో అదుపు ఉండాలనీ చెబుతుంది. ఇది మత శాఖల గురించిన శాసనం. పాలకుణ్ణి విమర్శించే హక్కు ప్రసక్తి ఇందులో లేదు.

విజయనగర కాలంలో 1368లో మొదటి బుక్కరాయలు జైనులకూ శ్రీవైష్ణవులకూ వచ్చిన తగవు తీర్చాడు. శ్రవణబెళగొళ శాసనం ప్రకారం రెండు దర్శనాలకూ భేదం లేదని ప్రకటించి, జైనుల చేతులను వైష్ణవుల చేతుల్లో పెట్టాడు. జైనులు ఇంటికి ఏటా ఒక హణం చొప్పున ఇచ్చే సొమ్ముతో బెళగొళ తీర్థానికి కాపలావాళ్ళను పెట్టించే బాధ్యత తిరుమలకు చెందిన వైష్ణవ పెద్దకు అప్పగించాడు. చిన్న వర్గానికి రక్షణ పెద్ద వర్గం పూచీ మీద దొరికింది. రక్షణ ఖర్చు మాత్రం చిన్న వర్గమే భరించింది. ఈ శాసనాన్ని సహనానికి ఉదాహరణగా చూపేవారు రెండో సంగతిని సాధారణంగా వదిలేస్తారు.

ఐరోపాలో మత యుద్ధాల తర్వాత ఈ ఆలోచన సిద్ధాంతరూపం దాల్చింది. జాన్ లాక్ 1689లో ప్రచురించిన లేఖ, విశ్వాసాన్ని బలప్రయోగంతో పుట్టించలేరని వాదించింది. అయితే నాస్తికులను ఆ సహనం నుంచి మినహాయించింది. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛపై రాసిన గ్రంథం వాదాన్ని రాజ్యం దాటించి సమాజం దాకా తెచ్చింది. ఇరుగుపొరుగు పెట్టే ఒత్తిడి ప్రభుత్వ నిర్బంధం కన్నా లోతుకు పోగలదని ఆయన గుర్తించాడు. నాలుగు వందల గడపల ఊరి రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి లాక్ కన్నా మిల్ ఎక్కువ అక్కరకొస్తాడు.

భారత రాజ్యాంగం 19వ అధికరణంలో వాక్, సభ, సంఘ స్వేచ్ఛలను హామీ ఇచ్చి, వాటికి సహేతుకమైన పరిమితులను కూడా పేర్కొంది. 1951లో మొదటి సవరణ, 1963లో పదహారో సవరణ ఆ పరిమితులను విస్తరించాయి. 1977లో జనతా ప్రభుత్వ కాలంలో పార్లమెంటు చేసిన చట్టం ప్రతిపక్ష నాయకుడికి జీతభత్యాలతో కూడిన అధికారిక హోదా ఇచ్చింది.

బంధుత్వం, ప్రత్యర్థిత్వం: అనంతపురం ఉదాహరణ

పావగడను చుట్టి ఉన్న అనంతపురం సీమ, ఫ్యాక్షన్ కక్షలకు పేరుపడినా, గట్టి రాజకీయ ప్రత్యర్థిత్వం హింస లేకుండా సాగిన చరిత్ర కూడా ఉన్న నేల. తరిమెల నాగిరెడ్డి కమ్యూనిస్టు; ఆయన సోదరి నాగరత్నమ్మ భర్త నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ నాయకుడు. 1952 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో అనంతపురం స్థానంలో బావను బావమరిది ఓడించాడు. ఆ తర్వాత ఇద్దరి దారులూ మరింత దూరమయ్యాయి. సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైనప్పుడు, సభలో అన్ని పక్షాలకూ సమానుడిగా ఉండాలని కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశాడు. నాగిరెడ్డి 1969లో శాసనసభా సభ్యత్వాన్ని వదులుకుని విప్లవ మార్గం పట్టాడు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, అజ్ఞాతంలో ఉండగానే మరణించాడు. మరుసటి ఏడాది సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు.

ఒకే సీమకు, ఒకే కులానికి, ఒకే బంధువర్గానికి చెందినవారు కాబట్టి ఆ పోటీ మర్యాదగా సాగిందనే వ్యాఖ్య ఉంది. అందులో నిజం లేకపోలేదు. బంధుత్వం లేనివారికి, ముఖ్యంగా కింది కులాల అభ్యర్థులకు, అదే మర్యాద దక్కిందా అన్నది వేరే ప్రశ్న. సంపన్న వర్గాల్లోని ప్రత్యర్థుల మధ్య ఉండే సహనాన్ని మొత్తం సమాజపు సహనంగా లెక్కగట్టడం కుదరదు.

కొలిచే పద్ధతులు

అమెరికా సామాజిక శాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ 1954లో జరిపిన సర్వేతో రాజకీయ సహనాన్ని కొలిచే అధ్యయనాలు మొదలయ్యాయి. ఫలితాలు 1955లో పుస్తకంగా వచ్చాయి. కమ్యూనిస్టు లేదా నాస్తికుడు మీ ఊళ్ళో ఉపన్యాసం ఇవ్వవచ్చా, కాలేజీలో పాఠం చెప్పవచ్చా, అతని పుస్తకం గ్రంథాలయంలో ఉండవచ్చా అన్నవి అందులోని ప్రశ్నలు. 1960లో ప్రోథ్రో, గ్రిగ్ అనే పరిశోధకులు రెండు అమెరికా నగరాల ఓటర్లను అడిగి, సూత్రంగా చెబితే దాదాపు అందరూ స్వేచ్ఛకు ఒప్పుకుంటారనీ, అదే సూత్రాన్ని ఫలానా వర్గానికి వర్తింపజేయమంటే వెనక్కి తగ్గుతారనీ చూపారు.

స్టౌఫర్ పద్ధతిలో ఒక లోపముంది. కమ్యూనిస్టులంటే అయిష్టం లేనివాడు అన్నిటికీ అవునంటే అది సహనం కిందికి రాదు. దీన్ని సరిదిద్దడానికి సలివన్, పియర్సన్, మార్కస్ 1982లో వెలువరించిన గ్రంథంలో మరో మార్గం అనుసరించారు. ముందు ఎవరంటే అందరికన్నా గిట్టదో ప్రతివ్యక్తినీ చెప్పమని, ఆ వర్గం గురించే హక్కుల ప్రశ్నలు వేశారు. ఎవరి నుంచైనా ముప్పు ఉందనుకున్నప్పుడు సహనం తగ్గుతుందని ఇలాంటి అధ్యయనాలు స్థిరంగా చెబుతున్నాయి.

గ్రామ సందర్భానికి ఎక్కువ పనికొచ్చేది డయానా మట్జ్ 2006లో ప్రచురించిన పరిశోధన. తమకు భిన్నమైన రాజకీయాభిప్రాయాలున్నవారితో రోజూ మాట్లాడేవారికి ఎదుటివారి వాదంలోని కారణాలు తెలుస్తాయి, సహనం పెరుగుతుంది. కానీ అలాంటివారే ఎన్నికల పనిలోకి, ప్రచారంలోకి దిగడానికి వెనకాడతారు. ఇరువైపులా చుట్టాలూ అప్పుదారులూ ఉన్నవాడు జెండా పట్టడానికి ఎందుకు జంకుతాడో ఊరి రాజకీయం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. కొలత సాధనాలు అమెరికా సమాజం కోసం తయారైనవి కావడంతో, కులం, అప్పు, పాలివాళ్ళ బంధుత్వం వంటివి వాటి ప్రశ్నావళిలో చోటుచేసుకోలేదు.

గ్రామ పంచాయతీలో పోటీ

కర్ణాటక గ్రామ పంచాయతీలు 1993 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద నడుస్తాయి. ఆ చట్టం పేరు ఇప్పుడు గ్రామ స్వరాజ్, పంచాయతీరాజ్ చట్టం. సుమారు 400 జనాభాకు ఒక సభ్యుడు ఉంటాడు. అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకోరు, గెలిచిన సభ్యులు ఎన్నుకుంటారు. పార్టీ గుర్తులు ఉండవు. ఎన్నికల సంఘం కేటాయించే స్వేచ్ఛా గుర్తుల మీదే పోటీ. పార్టీ కక్షలు ఊరి దాకా రాకూడదన్నది దీని ఉద్దేశం. ఆచరణలో ఏ అభ్యర్థి ఏ పార్టీ మనిషో ఓటరుకు తెలుసు, ఫలితాల మరునాడు ప్రతి పార్టీ తమకు ఇన్ని స్థానాలొచ్చాయని ప్రకటించుకుంటుంది.

ఈ విధానంలో అంతగా చర్చకు రాని ఒక అంశం ఉంది. చాలా వార్డుల్లో ఒకటికి మించి స్థానాలుంటాయి: ఒకటి జనరల్, ఒకటి మహిళ, ఒకటి షెడ్యూల్డ్ కులాల వంటి వర్గానికి. ఎన్ని స్థానాలుంటే ఓటరుకు అన్ని ఓట్లు. కాబట్టి ఒక ఓటు మేనమామ నిలబెట్టిన మనిషికి, రెండోది ఎదుటి వర్గంలో పని చేసిపెట్టే మనిషికి వేసే వెసులుబాటు ఉంది. ఒకే ఓటు ఉన్నచోట పక్షం ఎంచుకోక తప్పదు. ఇక్కడ ఓటరు రెండు పక్షాలకూ కొంత కొంత దక్కేలా చేయగలడు. కర్ణాటకలో సాధారణ పంచాయతీ ఎన్నికలు 2020 డిసెంబరు 22, 27 తేదీల్లో రెండు దశలుగా జరిగాయి.

పంచాయతీ మీది అంచెల పరిస్థితి వేరు. 2016లో ఎన్నికైన తాలూకా, జిల్లా పంచాయతీల కాలం 2021లో తీరింది. వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల వివాదాలతో కొత్త ఎన్నికలు ఏళ్ళ తరబడి జరగలేదు. పోటీయే లేనప్పుడు సహనానికి పరీక్షా లేదు.

ఏకగ్రీవం

ఒక్కరే నామినేషన్ వేయడం లేదా మిగతావారు ఉపసంహరించుకోవడం వల్ల ఎన్నిక లేకుండా గెలవడం ఏకగ్రీవం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి ప్రభుత్వాలు ఏకగ్రీవ పంచాయతీలకు నగదు ప్రోత్సాహకాలు ఇస్తున్నాయి. ఖర్చు తగ్గుతుంది, ఊళ్ళో కక్షలు రాజుకోవు, వచ్చిన సొమ్ము అభివృద్ధికి పనికొస్తుంది అన్నవి దీనికి అనుకూలమైన వాదనలు. కక్షల్లో ప్రాణాలు పోయిన ఊళ్ళలో ఈ వాదనకు బరువుంది.

2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలప్పుడు ఈ విషయం పెద్ద వివాదమైంది. రాష్ట్ర ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటిస్తూ పత్రికా ప్రకటనలిచ్చింది. నాటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ ఆ ప్రకటనలను తప్పుపట్టారు. చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయని, నివేదికలు వచ్చేవరకు ఫలితాల ప్రకటన ఆపించారు. ఏకగ్రీవాలు ఆనవాయితీగా వస్తున్నవేనన్నది ప్రభుత్వ వాదన. కర్ణాటకలో 2020 ఎన్నికలప్పుడు కొన్ని ఊళ్ళలో సభ్యత్వాలను గుడి పేరిటో ఊరి పని పేరిటో వేలం వేశారన్న ఆరోపణలు వచ్చాయి. ఎన్నికల సంఘం కఠిన చర్యలకు ఆదేశించింది.

నిజమైన ఏకగ్రీవాన్నీ బలవంతపు ఏకగ్రీవాన్నీ కాగితం మీద వేరు చేయలేరు. రెండింటికీ ఉపసంహరణ పత్రం ఒకటే, సంతకం ఒకటే. గడువుకు ముందటి రాత్రి పెద్దమనుషులు ఇంటికొచ్చి ఏం మాట్లాడారన్నది ఏ రికార్డుకూ ఎక్కదు. ఓడిపోతానని తెలిసినా నిలబడాలనుకున్నవాడికి ఊరు దారిచ్చిందా లేదా అన్నదే గీటురాయి అనుకుంటే, ప్రోత్సాహక ధనం ఆ దారికి అడ్డంగా పడుతుందనే చెప్పాలి. అతడు నామినేషన్ వెనక్కి తీసుకోకపోతే ఊరికి రావలసిన లక్షలు పోగొట్టినవాడవుతాడు.

ఓటు గోప్యత, పోలింగ్ బూత్‌ల వారీ లెక్క

ఓటు ఎవరికి వేశామన్నది చట్టప్రకారం రహస్యం. కానీ శాసనసభ, లోక్‌సభ ఎన్నికల లెక్కింపు ఫలితాలు పోలింగ్ బూత్‌ల వారీగా బయటికొస్తాయి. ఒక బూత్ కింద రెండు మూడు పల్లెలే ఉండేచోట, ఫలానా కాలనీ మొత్తం ఎదుటి పార్టీకి వేసిందని లెక్కగట్టడం స్థానిక నాయకులకు నిమిషాల పని. ఆ తర్వాత బోరుబావి, సిమెంటు రోడ్డు, ఇళ్ళ జాబితా ఆ కాలనీకి ఆలస్యమవుతాయేమోనన్న భయం ఓటరును ముందే పట్టి ఉంచుతుంది.

బ్యాలెట్ పత్రాల కాలంలో, అవసరమనుకున్నచోట, వివిధ పెట్టెల ఓట్లను కలిపి లెక్కించే నియమం ఉండేది. యంత్రాలొచ్చాక ఆ రక్షణ పోయింది. అనేక యంత్రాల ఓట్లను కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్ పరికరాన్ని కేంద్ర ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో ఇచ్చిన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం అంగీకరించలేదు. బూత్‌ల వారీ సమాచారం పార్టీలకు తమ పని అంచనా వేసుకోవడానికి అవసరమన్న వాదన కూడా ఉంది.

చట్టసభలో అసమ్మతి: 2010 నాటి పావగడ సభ్యుడి కేసు

2008 కర్ణాటక శాసనసభ ఎన్నికల్లో పావగడ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా వెంకటరమణప్ప గెలిచారు. భారతీయ జనతా పార్టీకి స్పష్టమైన మెజారిటీ రాకపోవడంతో, గెలిచిన స్వతంత్రుల్లో ఐదుగురు బి.ఎస్.యడియూరప్ప మంత్రివర్గంలో చేరారు. వారిలో ఆయన ఒకరు. 2010 అక్టోబరులో ఆ ఐదుగురూ, అధికార పార్టీకే చెందిన 11 మంది సభ్యులూ ముఖ్యమంత్రికి మద్దతు ఉపసంహరిస్తున్నట్టు గవర్నరుకు తెలిపారు. అక్టోబరు 11న విశ్వాస పరీక్ష. దానికి ముందు రోజే స్పీకర్ కె.జి.బోపయ్య ఫిరాయింపుల నిరోధక చట్టం కింద 16 మందినీ అనర్హులుగా ప్రకటించారు.

హైకోర్టు ఆ నిర్ణయాలను సమర్థించినా, సుప్రీంకోర్టు 2011 మే 13న వాటిని కొట్టివేసింది. స్వతంత్ర సభ్యుడు ప్రభుత్వానికి మద్దతిచ్చినంత మాత్రాన, మంత్రి అయినంత మాత్రాన ఆ పార్టీలో చేరినట్టు కాదని చెప్పింది. జవాబిచ్చుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వకుండా తొందరపడటం సహజ న్యాయానికి విరుద్ధమని స్పీకర్‌ను తప్పుపట్టింది. వెంకటరమణప్ప తర్వాత కాంగ్రెస్‌లో చేరి 2018లో మళ్ళీ గెలిచారు.

ఈ కేసు వెనక పదవుల బేరసారాలు లేవని ఎవరూ అనలేదు. అసమ్మతి స్వచ్ఛమైన ఉద్దేశంతో రానప్పుడు కూడా దానికి న్యాయమైన విచారణ దక్కాలా అన్నదే ఇందులోని సహన ప్రశ్న. దక్కాలనే కోర్టు తేల్చింది. 1985లో పదో షెడ్యూలుగా వచ్చిన ఫిరాయింపుల చట్టం స్వభావంలోనే ఈ చిక్కు ఉంది: అమ్ముడుపోవడాన్ని ఆపాలని చేసిన చట్టం పార్టీలో భిన్నాభిప్రాయాన్ని కూడా ఆపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014–19 మధ్య ప్రతిపక్ష వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది శాసనసభ్యులు అధికార తెలుగుదేశంలోకి మారినా అనర్హత వేటు పడలేదు. కర్ణాటకలో వేటు రోజుల వ్యవధిలోనే పడింది. నిర్ణయం స్పీకర్ చేతిలో ఉండటమే రెండు ఫలితాలకూ మూలం.

ప్రతిపక్ష హోదా విషయంలోనూ ఇలాంటి వివాదమే ఉంది. 2024 ఎన్నికల్లో 175 స్థానాల ఆంధ్రప్రదేశ్ శాసనసభలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. సభలో పదో వంతు బలం లేదన్న కారణంతో దాని నాయకుడికి ప్రతిపక్ష నాయకుడి హోదా దక్కలేదు. ఉన్న ఏకైక ప్రతిపక్షానికి హోదా నిరాకరించడం అసహనమని ఒక వాదం, ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీనే పాటించారని మరో వాదం.

భాషా మైనారిటీలు

భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు, సరిహద్దు ఎక్కడ గీసినా కొందరు అవతల మిగిలిపోతారని రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 నివేదికలోనే గుర్తించింది. మరుసటి ఏడాది ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు చేరాయి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు, రెండోది భాషా మైనారిటీల ప్రత్యేక అధికారికి సంబంధించినవి. తరగతికి 10 మంది లేదా పాఠశాలకు 40 మంది పిల్లలుంటే వారి భాషలో చదువు చెప్పే ఏర్పాటుండాలన్న ప్రమాణం 1949 నాటి విద్యామంత్రుల సమావేశంలో కుదిరింది.

కర్ణాటకలో వి.కె.గోకాక్ సంఘం నివేదిక 1981లో వచ్చింది, మరుసటి ఏడాది నటుడు రాజ్‌కుమార్ ముందు నిలిచిన ఉద్యమం కన్నడకు పాఠశాలల్లో ప్రథమ స్థానం కోరింది. భాషా మైనారిటీల నుంచి వ్యతిరేకత వచ్చింది. బోధనా మాధ్యమంపై దశాబ్దాలు సాగిన వ్యాజ్యాల్లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014 మే 6న తీర్పు చెప్పింది: మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం ఒత్తిడి చేయలేదు, ఎంపిక బిడ్డదీ తల్లిదండ్రులదీ. 2024లో దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలన్న నియమం చట్టమైంది.

పావగడ వంటిచోట భాషా సహనం చట్టాల కన్నా అలవాటు మీద ఎక్కువ నడుస్తుంది. అర్జీ కన్నడలో రాస్తారు, దాని గురించి వాదన తెలుగులో జరుగుతుంది. ఓట్లు అడిగేవారు ఎదుటి మనిషి భాష చూసి మాట మారుస్తారు. గోకాక్ కాలం నాటి ఆవేశాలు బెంగళూరులో ఉన్నంతగా ఇక్కడ వేరూనలేదు. రెండు భాషలూ వచ్చినవాడికి ఇందులో ఇబ్బంది కనిపించదు. కన్నడ చదవలేని వృద్ధుడికి పింఛను కాగితం మరొకరు చదివి చెప్పాలి, ఆ మరొకరు సాధారణంగా ఏదో ఒక పార్టీ మనిషే అయి ఉంటాడు.

సాయుధ రాజకీయం, చర్చలు, నిషేధం: 2004–05

సహనపు హద్దు ఎక్కడన్న ప్రశ్న ఈ తాలూకాను అందరికన్నా కఠినంగా తాకింది. ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక, రాజ్యహింసనూ నక్సలైట్ హింసనూ రెండింటినీ ప్రశ్నిస్తూ చర్చలకు దారి వేసింది. 2004లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వచ్చాక నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్‌పై నిషేధం గడువు ముగిసిపోనిచ్చారు. అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వానికీ, అప్పుడే మావోయిస్టు పార్టీగా మారిన ఆ సంస్థ, జనశక్తి ప్రతినిధులకూ ముఖాముఖి చర్చలు జరిగాయి. దేశంలో అలాంటి ప్రయత్నం అరుదు. ఆయుధాలు, భూములు, ఎన్‌కౌంటర్ల విషయంలో పొసగక 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుంచి వైదొలిగారు.

ఆ తర్వాతి వారాలు ఈ సీమకు భయంకరమైనవి. జనవరి 24న పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవి అనంతపురంలోని తన పార్టీ కార్యాలయంలో హత్యకు గురయ్యాడు. ఫిబ్రవరి 6న చిక్కమగళూరు జిల్లాలో మావోయిస్టు నాయకుడు సాకేత్ రాజన్ పోలీసుల కాల్పుల్లో మరణించాడు. ఫిబ్రవరి 10 రాత్రి పావగడ తాలూకా వెంకటమ్మనహళ్ళిలో పాఠశాల భవనంలో మకాం వేసిన కర్ణాటక రిజర్వు పోలీసుల మీద పెద్ద సంఖ్యలో నక్సలైట్లు దాడి చేశారు. పోలీసులతో పాటు ఒక సాధారణ పౌరుడు కూడా చనిపోయాడు. పద్దెనిమిది రోజుల్లో మూడు ఘటనలు జరిగాయి. కారణాలు, పక్షాలు మాత్రం వేర్వేరు. పరిటాల హత్య ఫ్యాక్షన్ కక్షకు చెందినది, మిగతా రెండూ సాయుధ పోరాటానికీ రాజ్యానికీ మధ్యవి. మూడింటినీ ఒకే గాటన కట్టి సీమ స్వభావంగా చిత్రించడం పత్రికల్లో అలవాటుగా మారింది.

2005 ఆగస్టు 15న మహబూబ్‌నగర్ జిల్లా నారాయణపేటలో శాసనసభ్యుడు నర్సిరెడ్డి హత్య తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టు పార్టీని నిషేధించింది. దానితో పాటు విప్లవ రచయితల సంఘాన్ని కూడా చేర్చింది. ఆ రెండో నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు. తుపాకీ పట్టిన సంస్థకూ, దాన్ని సమర్థిస్తూ కవిత్వం రాసే సంస్థకూ మధ్య చట్టం తేడా చూపాలా అన్న చర్చకు ఆ నిషేధమే తెలుగునాట ప్రధాన ఉదాహరణ. హక్కుల ఉద్యమంలోనూ ఇదే గీత మీద విభేదం వచ్చింది. కె.బాలగోపాల్ ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం నుంచి వేరుపడి 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదికలో పనిచేశారు. ప్రభుత్వ హింసతో పాటు ఉద్యమాల హింసను కూడా విమర్శించే స్వేచ్ఛ హక్కుల సంఘాలకు ఉండాలన్నది ఆయన వాదన.

హద్దులు, న్యాయస్థానాల ప్రమాణాలు

అపరిమిత సహనం అసహనుల చేతిలో నశిస్తుందని కార్ల్ పాపర్ 1945లో హెచ్చరించాడు. అయితే వాదనతో ఎదుర్కోగలిగినంత కాలం అణచివేత తగదని కూడా అక్కడే అన్నాడు. జర్మనీ తన రాజ్యాంగంలోనే ప్రజాస్వామ్య వ్యతిరేక పార్టీల నిషేధానికి ఏర్పాటు చేసుకుని, 1952లో నాజీ వారసత్వ పార్టీని, 1956లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది.

భారత సుప్రీంకోర్టు గీత హింసకు ప్రేరేపణ దగ్గర ఉంది. కేదార్‌నాథ్ సింగ్ కేసులో 1962లో, ప్రభుత్వంపై ఎంత తీవ్రమైన విమర్శ అయినా హింసకు పురికొల్పనంతవరకు రాజద్రోహం కాదని చెప్పింది. రాజద్రోహ సెక్షన్ అమలును 2022లో నిలిపివేసింది; 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాని స్థానంలో 152వ సెక్షన్ ఉంది. రంగరాజన్ కేసులో 1989లో, గొడవ చేస్తామని బెదిరించేవారున్నారన్న కారణంతో ఒకరి భావప్రకటనను ఆపకూడదని తీర్పు చెప్పింది. కేరళలో జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేసిన కేసులో 1986 నాటి తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి. పిల్లలను తిరిగి చేర్చుకోమంటూ, సహనం ఈ దేశ సంప్రదాయంలోనూ రాజ్యాంగంలోనూ ఉందని ఆయన గుర్తుచేశాడు.

తీర్పులు ఒక దారి, తాలూకా కేంద్రంలో ఆచరణ మరో దారి కావచ్చు. సభకు అనుమతి నిరాకరించడం, మైకు వాడకానికి షరతులు, నిషేధాజ్ఞలు వంటివి సుప్రీంకోర్టు దాకా రావు. ప్రత్యర్థి సభ జరిగిందా లేదా అన్నది చాలాసార్లు ఠాణా స్థాయిలోనే తేలిపోతుంది.

విమర్శలు

హెర్బర్ట్ మార్క్యూజ్ 1965లో రాసిన వ్యాసంలో, బలవంతులకూ బలహీనులకూ సమానంగా చూపే సహనం చివరికి బలవంతులకే లాభిస్తుందని వాదించాడు. భారత సందర్భంలో దళిత ఆలోచనాపరులు ఈ విమర్శను మరో కోణంలో చేస్తారు. సహించడం పైనున్నవాడు చేసే పని. హక్కు ఉన్నవాడికి ఒకరి సహనంతో పనేముంది? రిజర్వుడు స్థానంలో గెలిచిన షెడ్యూల్డ్ కులాల సభ్యుడు ఊరి పెద్దకులాల మాట కాదని ఓటు వేసినప్పుడు ఏం జరుగుతుందన్న దాన్ని బట్టే రిజర్వేషన్ పనితీరును అంచనా వేయాలని వారంటారు.

పావగడలో ఈ ప్రశ్న భూమి విషయంలో కూడా కనిపించింది. తిరుమణి, వళ్ళూరు తదితర ఐదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. తొలి దశ 2018 మార్చిలో ప్రారంభమైంది, 2019 డిసెంబరు నాటికి మొత్తం పూర్తయింది. ప్రభుత్వం భూమిని బలవంతంగా సేకరించలేదు. రైతుల సమ్మతితో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు మీద తీసుకుంది, కౌలు నిర్ణీత కాలానికోసారి పెరిగే ఏర్పాటు కూడా ఉంది. సమ్మతి అడిగిన తీరును పలువురు మెచ్చుకున్నారు. ఆ పొలాల్లో కూలి చేసుకునేవారు, గొర్రెలు మేపుకునేవారు ఒప్పంద పక్షాల్లో లేరు. కౌలు పట్టాదారుకే వస్తుంది. పార్కును ఇంకా విస్తరించే ప్రతిపాదనలు చర్చకు వచ్చినప్పుడల్లా ఈ వర్గాల ఉపాధి ప్రశ్న మళ్ళీ ముందుకొస్తోంది.